కడుపులో కరెంటు: జీర్ణాశయ ప్రేరక పరికరాల లాభనష్టాల లెక్క

తిన్నది కిందికి దిగక, నెలల తరబడి వికారంతో, వాంతులతో శుష్కించిపోయే రోగులు కొందరుంటారు. మందులు పనిచేయవు. అలాంటి వారికి జీర్ణాశయం గోడలో రెండు తీగలు కుట్టి, పొట్ట చర్మం కింద బ్యాటరీ ఉన్న చిన్న పెట్టెను అమర్చే చికిత్స ఒకటి ఉంది. ఎంటెర్రా అనే పేరుతో వచ్చిన ఆ పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ 2000 మార్చిలో పరిమితమైన అనుమతి ఇచ్చింది. పాతికేళ్లలో ఏ చికిత్సయినా స్థిరపడాలి, లేదా మూలన పడాలి. ఇది రెండూ కాలేదు. కొన్ని కేంద్రాలు వందల మందికి అమర్చి, ప్రాణం లేచి వచ్చిన రోగులను చూపిస్తున్నాయి. ఆ చూపించేది పరికరం గొప్పతనమేనా అని మరికొందరు నిపుణులు అడుగుతున్నారు. ఈ మధ్యలో చీము పట్టిన గాయాలు, తెగిన తీగలు, పేగుకు చుట్టుకున్న తీగలు, మళ్లీ మళ్లీ కోతలు కూడా లెక్కకు వస్తున్నాయి.

వాదం చిక్కుపడటానికి ప్రధాన కారణం కాలం. ఈ పరికరం వల్ల మేలు ఎంత అన్నది నెలల్లో కొలిచారు. కీడు మాత్రం ఏళ్లలో బయటపడుతుంది. రెండింటినీ ఒకే కాలవ్యవధిలో పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలు తక్కువ. ఈ సమీక్ష ఆ రెండు లెక్కలనూ ఒకచోటికి తెచ్చే ప్రయత్నం.

జబ్బు స్వరూపం

జీర్ణాశయంలోగానీ పేగు మొదట్లోగానీ అడ్డం ఏమీ లేకపోయినా ఆహారం ముందుకు కదలకపోవడాన్ని వైద్యులు గ్యాస్ట్రోపెరేసిస్ అంటారు. దీర్ఘకాలం మధుమేహం ఉన్నవారిలో వేగస్ నాడి దెబ్బతిని ఇది రావచ్చు. జీర్ణాశయపు కదలికలకు లయ కట్టే కజాల్ కణాలు తగ్గిపోవడం ఇంకో కారణం. కడుపు ఆపరేషన్ల తర్వాత కొందరికి వస్తుంది. కారణమే దొరకని రోగులూ చాలామంది ఉన్నారు.

జబ్బును నిర్ధారించే ప్రామాణిక పరీక్షలో కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి 4 గంటల పాటు స్కాన్ తీస్తారు. 4 గంటల తర్వాత కూడా 10 శాతానికి మించి కడుపులోనే ఉండిపోతే కదలిక మందగించినట్టు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఓమ్‌స్టెడ్ కౌంటీలో 1996 నుంచి 2006 వరకు చేసిన అధ్యయనంలో లక్ష మంది స్త్రీలలో దాదాపు 38 మందికి, లక్ష మంది పురుషులలో దాదాపు 10 మందికి ఈ జబ్బు నిర్ధారణ అయి ఉంది. అంటే రోగుల్లో ఎక్కువమంది స్త్రీలే. నడివయసుకు రాకముందే పరికరం అమర్చుకోవాల్సి వచ్చేవారు వీరిలో ఉంటారు. ఎన్నేళ్లు ఆ పరికరంతో బతకాలన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

కడుపు ఖాళీ అయ్యే వేగానికీ రోగి పడే బాధకీ పొంతన అంతగా కుదరదన్నది మరో చిక్కు. స్కాన్‌లో బాగా మందగించినట్టు కనిపించినవారు తేలిగ్గా ఉండవచ్చు. కొద్దిగా మాత్రమే మందగించినవారు రోజుకు పదిసార్లు వాంతి చేసుకోవచ్చు. అందువల్ల చికిత్స ఫలించిందా లేదా అన్నది చివరికి రోగి చెప్పే మాట మీదే ఆధారపడుతుంది. పరికరం మీద జరిగిన పరిశోధనలన్నిటి మీదా ఈ పరిమితి నీడ ఉంది.

పరికరం చేసేది, చేయనిది

గుండె పేస్‌మేకర్ ప్రతి స్పందనకు గుండె కండరాన్ని నడిపిస్తుంది. జనం వాడుకలో కడుపు పేస్‌మేకర్ అనిపించుకునే ఈ పరికరం ఆ పని చేయదు. జీర్ణాశయంలో సహజంగా నిమిషానికి 3 విద్యుత్ తరంగాలు పుడతాయి. పరికరం నిమిషానికి 12 సార్లు చిన్న విద్యుత్ స్పందనల గుచ్ఛాన్ని పంపుతుంది. సాధారణ అమరికలో కరెంటు 5 మిల్లీ ఆంపియర్లు, స్పందన నిడివి 330 మైక్రోసెకన్లు, వేగం సెకనుకు 14. ప్రతి గుచ్ఛం సెకనులో పదో వంతు ఉండి, 5 సెకన్లు ఆగి మళ్లీ వస్తుంది. కండరం ముడుచుకోవడానికి ఈ శక్తి చాలదు. కడుపు ఖాళీ అయ్యే వేగంలో చెప్పుకోదగిన మార్పు రాకపోవడం అందుకు తగినట్టే ఉంది.

మరి వాంతులు ఎలా తగ్గుతాయి? వేగస్ నాడి ద్వారా మెదడులోని వాంతి కేంద్రాలకు చేరే సంకేతాలు మారతాయనీ, జీర్ణాశయం పై భాగం సడలి ఆహారాన్ని తట్టుకోగలుగుతుందనీ పరిశోధకుల ఊహ. ఆధారాలు కొన్ని ఉన్నా పూర్తి వివరణ ఇంకా రాలేదు. పరికరం ఎలా పనిచేస్తుందో తెలియనప్పుడు ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పడం కూడా కష్టం.

దారి ఎక్కడ చీలింది

జీర్ణాశయపు విద్యుత్ సంకేతాలను పొట్ట చర్మం మీద నుంచే నమోదు చేయవచ్చని 1920ల తొలి ఏళ్లలో వాల్టర్ ఆల్వారెజ్ చూపించారు. 1963లో మిన్నెసోటాలో బిల్గుటే బృందం శస్త్రచికిత్స తర్వాత మందగించిన పేగులకు కరెంటు ఇచ్చి కదిలించవచ్చని ప్రకటించింది. ఆ ఆశ నిలవలేదు. తర్వాతి నియంత్రిత పరీక్షలు ఆ ఫలితాన్ని బలపరచలేదు. 1970లలో మేయో క్లినిక్‌లో కీత్ కెల్లీ కుక్కల మీద చేసిన ప్రయోగాలు జీర్ణాశయపు లయను కరెంటుతో మార్చవచ్చని చూపాయి.

అక్కడి నుంచి రెండు దారులయ్యాయి. తక్కువ వేగం, ఎక్కువ శక్తి దారి సహజ లయనే పట్టి నడపాలని చూసింది. ఆ శక్తిని ఏళ్ల తరబడి ఇవ్వగల బ్యాటరీని ఒంట్లో పెట్టడం కుదరక అది ప్రయోగశాలల దగ్గరే ఆగింది. ఎక్కువ వేగం, తక్కువ శక్తి దారికి చిన్న బ్యాటరీ సరిపోతుంది. పరికరంగా బయటికి వచ్చింది ఇదే. అంటే కడుపును కదిలించడానికి మొదలైన అన్వేషణ, కడుపును కదిలించని పరికరం దగ్గర తేలింది.

2000లో వచ్చిన అనుమతి స్వభావాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. అది మానవతా మినహాయింపు కింద ఇచ్చినది. ఆ మార్గంలో వచ్చే పరికరం తన సామర్థ్యాన్ని పూర్తిగా రుజువు చేయనక్కర్లేదు. ప్రమాదం కంటే మేలు ఎక్కువగా ఉండే అవకాశం ఉందని చూపితే చాలు. ఏడాదికి 4,000 మందికి మించని అరుదైన అవసరాలకే అప్పట్లో ఈ దారి తెరిచి ఉండేది. 2016లో ఆ పరిమితిని 8,000కు పెంచారు. మధుమేహం వల్లగానీ కారణం తెలియకుండాగానీ వచ్చిన గ్యాస్ట్రోపెరేసిస్‌లో, మందులకు లొంగని దీర్ఘకాలిక వికారం, వాంతులకు మాత్రమే వాడాలని, ఆసుపత్రి నైతిక పర్యవేక్షక మండలి అనుమతి ఉండాలని షరతులు పెట్టారు.

లాభం లెక్క: ఆన్, ఆఫ్ పరీక్షలు

ఈ రంగంలో నియంత్రిత పరీక్షలకు ఒక సౌలభ్యం ఉంది. అందరికీ పరికరం అమర్చి, రోగికీ డాక్టరుకూ తెలియకుండా కొన్నాళ్లు ఆన్ చేసి, కొన్నాళ్లు ఆపి పోల్చవచ్చు. ఇలాంటిదాన్ని గుడ్డి పరీక్ష అంటారు. నాలుగు ప్రధాన పరీక్షలు ఈ పద్ధతిలో జరిగాయి.

థామస్ ఏబెల్ బృందం 2003లో ప్రకటించిన పరీక్షలో 33 మంది పాల్గొన్నారు. నెల ఆన్, నెల ఆఫ్. ఆన్ ఉన్న నెలలో వాంతులు తగ్గాయి. ఏ నెల బాగుందని అడిగితే 21 మంది ఆన్ నెలను, ఏడుగురు ఆఫ్ నెలను ఎంచుకున్నారు. మిగతా ఐదుగురికి తేడా తెలియలేదు. అదే పరీక్షలో ఐదుగురికి ఇన్ఫెక్షన్ వల్లో ఇతర కారణాల వల్లో పరికరాన్ని తీసేయాల్సి వచ్చింది, లేదా సరిచేయాల్సి వచ్చింది.

రిచర్డ్ మెక్‌కలమ్ బృందం 2010లో మధుమేహ రోగుల మీద చేసిన పరీక్ష మరో ప్రశ్న లేవనెత్తింది. 55 మందికి పరికరం అమర్చి మొదటి 6 వారాలు ఆన్‌లోనే ఉంచారు. వాంతులు 57 శాతం తగ్గాయి. ఆ తర్వాత 3 నెలలు ఆన్, 3 నెలలు ఆఫ్‌గా మార్చి చూస్తే రెండింటికీ తేడా కనిపించలేదు. మళ్లీ అందరికీ ఆన్ చేసి ఏడాది చివర చూస్తే వాంతులు మొదటికంటే దాదాపు 68 శాతం తక్కువ. కారణం తెలియని జబ్బు ఉన్నవారి మీద 2013లో వచ్చిన పరీక్షలోనూ కథ ఇదే. గుడ్డి పరీక్షలో తేడా లేదు, ఏడాది చివర 87 శాతం తగ్గుదల.

2020లో వెలువడిన ఫ్రెంచి పరీక్ష వీటిలో పెద్దది. 172 మంది రోగులు, 4 నెలలు ఆన్, 4 నెలలు ఆఫ్. ఆన్ దశలో 30.6 శాతం మందికి, ఆఫ్ దశలో 16.5 శాతం మందికి వాంతుల స్కోరు కనీసం ఒక మెట్టు మెరుగుపడింది. తేడా స్పష్టం. కడుపు సరిగ్గానే ఖాళీ అవుతున్నవారికీ మేలు కనిపించింది. కానీ జీవన నాణ్యత మారలేదు, కడుపు ఖాళీ అయ్యే వేగమూ మారలేదు.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవవచ్చు. మొదటి పఠనం ప్రకారం ముందుగా ఆన్ చేసి ఉంచిన వారాల ప్రభావం ఆఫ్ దశలోకీ కొనసాగి తేడాను కప్పేసింది. రెండో పఠనం ప్రకారం ఏడాది చివర కనిపించే పెద్ద మేలులో ఎక్కువ భాగం ఆశ, శ్రద్ధ, కాలంతో పాటు జబ్బు సహజంగా తగ్గడం వల్ల వచ్చినది. బాధ తీవ్రంగా ఉన్న దశలోనే రోగి ఆపరేషన్‌కు ఒప్పుకుంటాడు. ఆ తర్వాత ఎలా ఉన్నా అంతకంటే నయంగానే కనిపిస్తాడు. 2017లో లెవింతాల్, బీలెఫెల్ట్ ఐదు నియంత్రిత పరీక్షలలోని 185 మంది వివరాలను కలిపి చూసి, మొత్తం బాధ తీవ్రతలో ఆన్, ఆఫ్‌ల మధ్య చెప్పుకోదగిన తేడా లేదన్నారు. ఫ్రెంచి పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

నష్టం లెక్క: ఎక్కడ ఏం చెడుతుంది

ఆపరేషన్ బల్ల మీద జరిగే ప్రమాదాలు తక్కువ. ఇప్పుడు చాలాచోట్ల దీన్ని లాప్రోస్కోపీతోనే చేస్తున్నారు. రోగి ఇంటికి వెళ్లాక నెలల్లో, ఏళ్లలో వచ్చేవే అసలు సమస్యలు. వాటిని చోటును బట్టి విడదీస్తే అర్థం చేసుకోవడం సులువు.

పెట్టె అమర్చిన జేబు. చర్మం కింద కొవ్వులో చేసిన జేబులో చీము పట్టడం అందరూ భయపడే సమస్య. లోహం మీద, సిలికాన్ మీద సూక్ష్మజీవులు పొరలా పేరుకుపోతే యాంటీబయాటిక్ మందు అక్కడికి చేరినా చంపలేదు. అందువల్ల చాలాసార్లు పరికరం మొత్తాన్ని తీసేయక తప్పదు. మెక్‌కలమ్ బృందం 2011లో పదేళ్ల అనుభవాన్ని ప్రకటించినప్పుడు దాదాపు 7 శాతం మందికి ఇదే కారణంతో పరికరం తీసినట్టు తేలింది. ఈ రోగులకు ముప్పు పెంచే పరిస్థితులు జబ్బులోనే ఉన్నాయి. అదుపు తప్పిన షుగరు గాయాన్ని మాననివ్వదు. పోషకాహారం అందని ఒంట్లో కొవ్వు పొర పలుచబడి పెట్టె చర్మాన్ని లోపల నుంచి ఒరుసుకుంటుంది. చివరికి చర్మం చిట్లి పెట్టె బయటపడవచ్చు. ఆహారం కోసం పేగులోకి వేసిన గొట్టం రంధ్రం దగ్గర్లోనే ఉంటే అక్కడి సూక్ష్మజీవులు జేబును చేరడానికి దారి దొరుకుతుంది. పెట్టె కదలడం, తిరగబడటం, ఆ చోట ఆగని నొప్పి ఇదే కోవలోనివి. ఫ్రెంచి పరీక్షలోనూ ఎక్కువగా నమోదైన ఫిర్యాదులు అమర్చిన చోట నొప్పి, ఇన్ఫెక్షన్లే.

జీర్ణాశయం గోడ. తీగల చివరలను జీర్ణాశయపు పెద్ద వంపు మీద, పైలోరస్ (జీర్ణాశయం నుంచి పేగులోకి తెరుచుకునే ద్వారం) నుంచి సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో, కండరపు పొరలో ఒక సెంటీమీటరు ఎడంతో కుడతారు. ఆ పొర పలుచన. సూది కాస్త లోతుకు పోతే లోపలి పొర చిల్లు పడి తీగ కడుపులోకి చొచ్చుకుపోతుంది. అందుకే ఆపరేషన్ జరుగుతుండగానే ఎండోస్కోపీ చేసి తీగ లోపలికి కనిపిస్తున్నదా అని చూస్తారు. కనిపిస్తే అక్కడికక్కడే తీసి మళ్లీ కుడతారు. ఆ రోజు బాగానే ఉన్నా ఏళ్ల తర్వాత తీగ నెమ్మదిగా గోడను తొలుచుకుని లోపలికి రావచ్చు. అప్పుడు కడుపులోని మలినం తీగ వెంట పాకి జేబులో చీము పట్టించవచ్చు. ఆపరేషన్ జరిగి చాలాకాలం అయ్యాక జేబులో చీము కనిపిస్తే గాయం సంగతి మాత్రమే చూస్తే సరిపోదని, కడుపులోకి ఎండోస్కోపీ కూడా చేయాలని అనుభవజ్ఞులు అనేది ఇందుకే.

మధ్యలో సాగే తీగ. కడుపు నుంచి చర్మం కింది పెట్టె దాకా తీగలు ఉదర కుహరం గుండా పోతాయి. వదులుగా మిగిలిన తీగ వలయంలో పేగు చిక్కుకుంటే అడ్డం ఏర్పడి అత్యవసరంగా కోయాల్సి రావచ్చు. అరుదైనదే, కానీ ఈ సమస్యల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. వాంతులు ఈ రోగులకు మామూలే కాబట్టి పేగు అడ్డం వల్ల వచ్చిన వాంతులను పాత జబ్బుగా పొరబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అదనపు తీగను లోపల వదలకుండా పెట్టె వెనక చుట్టి పెట్టడం ఒక జాగ్రత్త. తీగ విరగడం, కుట్టిన చోటు నుంచి ఊడిపోవడం కూడా జరుగుతాయి. విద్యుత్ నిరోధాన్ని బయటి నుంచే కొలిచే వీలు ఉంది. అది హఠాత్తుగా పెరిగితే తీగ తెగిందని, పడిపోతే ఎక్కడో షార్ట్ అయిందని అనుమానిస్తారు.

విద్యుత్ సంబంధమైనవి. తీగ తొడుగు చిట్లినా, స్థానం మారినా కరెంటు పొట్ట కండరాలకు తగిలి షాక్ కొట్టినట్టు ఉంటుంది. తీవ్రత తగ్గిస్తే కొందరికి సర్దుకుంటుంది, లేకపోతే ఆపేయాలి. లోతైన కణజాలాన్ని వేడిచేసే డయాథెర్మీ చికిత్స వీరికి పూర్తిగా నిషిద్ధం. ఎమ్మారై స్కాన్ పరికరం నమూనాను బట్టి అసలు కుదరకపోవచ్చు, లేదా షరతులతోనే కుదురుతుంది. మధుమేహం ముదిరిన రోగికి ముందు ముందు మెదడుకో వెన్నుకో స్కాన్ అవసరం పడే అవకాశం ఎక్కువ. ఆ దారి ఇరుకు కావడమూ ఒక నష్టమే.

బ్యాటరీ. అమరికను బట్టి సుమారు 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. తీవ్రత పెంచితే ఆయుష్షు తగ్గుతుంది. అయిపోతే జేబు తెరిచి పెట్టె మార్చాలి. ముప్పై ఏళ్ల వయసులో అమర్చుకున్న స్త్రీ జీవితంలో అనేకసార్లు ఈ పని చేయించుకోవాలి. తెరిచిన ప్రతిసారీ చీము పట్టే అవకాశం కొత్తగా మొదలవుతుంది.

ఒకే ప్రశ్నకు వేర్వేరు అంకెలు

సమస్యల శాతం ఎంత అని అడిగితే ఒక్కో నివేదిక ఒక్కో సంఖ్య చెబుతుంది. 2009లో ఓ'గ్రేడీ బృందం అప్పటి అధ్యయనాలను కలిపి చూసి, పరికరాన్ని తీసేయడమో మళ్లీ అమర్చడమో జరిగినది 8.3 శాతం మందికని తేల్చింది. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో రోగులను ఎక్కువకాలం గమనించలేదు. ఏళ్లు గడిచేకొద్దీ అంకె పెరగక తప్పదు.

అమెరికాలో పరికరాల సమస్యలను నమోదు చేసే మాడ్ జాబితాను 2017లో బీలెఫెల్ట్ పరిశీలించారు. 2001 నుంచి 2015 వరకు పదిహేను వందలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఆపరేషన్ సమయపు చిక్కులు వాటిలో అతి కొద్ది. పరికరం సవ్యంగా అమర్చాక వచ్చినవే అత్యధికం. ప్రయోజనం కనిపించలేదన్నది అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు. ఈ జాబితాకూ లోపాలున్నాయి. మొత్తం ఎంతమందికి అమర్చారో అందులో ఉండదు కాబట్టి శాతం కట్టలేం. ఫిర్యాదు చేయనివారి సంగతి తెలియదు. ఒకే సమస్య రెండుసార్లు నమోదై ఉండవచ్చు. సమస్యల రకాలు తెలుసుకోవడానికి పనికొస్తుంది, వాటి తరచుదనం తెలుసుకోవడానికి పనికిరాదు.

నిర్వచనాల తేడా ఇంకో కారణం. బ్యాటరీ మార్చడాన్ని కొందరు సమస్యగా లెక్కించరు, అది ముందే తెలిసిన పని అంటారు. రోగి కడుపు మీద మరో కోత పడిందన్నది మాత్రం మారదు. పనిచేయలేదని తీసేసిన పరికరం సమస్యల ఖాతాలోకి వస్తుందా, వైఫల్యాల ఖాతాలోకి వస్తుందా? ఒక్కో బృందం ఒక్కోలా వేసుకుంది. అనుభవమున్న పెద్ద కేంద్రాల ఫలితాలే ఎక్కువగా ప్రచురితం కావడం, ఆఫ్ దశలోనూ రోగికి తీగలూ జేబూ ఉండనే ఉండటం వల్ల నష్టాన్ని పోల్చడానికి పరికరం లేని జట్టు దొరకకపోవడం మిగతా చిక్కులు.

మూడు ధోరణులు

సమర్థకులు: వీరి దృష్టిలో ఈ రోగులు చివరి అంచున ఉన్నవారు. రక్తనాళంలోకి పోషకాలు ఎక్కించే గొట్టాలతో, పదేపదే ఆసుపత్రి పాలై బతుకుతారు. ఆ గొట్టాల ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడాలతో పోలిస్తే జేబులో చీము భరించదగినదే. పరికరాన్ని ఆపవచ్చు, తీసేయవచ్చు. కడుపు తొలగించే ఆపరేషన్‌లో ఆ వెసులుబాటు లేదు.

సందేహవాదులు: గుడ్డి పరీక్షలో నికరంగా నిలవని మేలు కోసం నిశ్చయంగా ఉన్న నష్టాన్ని ఎదుర్కోవడం సరికాదంటారు. పొరుగు రంగం నుంచి ఒక ఉదాహరణ చూపుతారు. ఊబకాయానికి జీర్ణాశయంలో విద్యుత్ ప్రేరణ ఇచ్చిన షేప్ పరీక్షలో 190 మంది పాల్గొన్నారు. ఏడాది తర్వాత ఆన్ ఉన్నవారు, ఆఫ్ ఉన్నవారు దాదాపు ఒకేలా బరువు తగ్గారు. పరికరం ఆశలు రేపినంత మాత్రాన అది పనిచేసినట్టు కాదని వారి వాదన.

ఎంపికవాదులు: పరికరం అందరికీ కాదు, కొందరికే అంటారు. వాంతులు ప్రధానమైన మధుమేహ రోగులకు ఫలితం మెరుగ్గా ఉంటుందనీ, కడుపునొప్పి ప్రధానమైనవారికి, నల్లమందు జాతి నొప్పి మందులు వాడేవారికి తక్కువగా ఉంటుందనీ చెబుతారు. ముందుగా ఎండోస్కోపీ ద్వారా తాత్కాలిక తీగ పెట్టి కొన్నాళ్లు చూసి, ఫలితం ఉంటేనే శాశ్వత పరికరం అమర్చే పద్ధతినీ కొన్ని కేంద్రాలు అనుసరిస్తున్నాయి. ఆ తాత్కాలిక ఫలితం దీర్ఘకాలానికి నమ్మకమైన సూచిక అని ఇంకా గట్టిగా రుజువు కాలేదు.

మార్గదర్శక సంస్థలు మధ్యేమార్గం పట్టాయి. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2014లో సాధారణ ఏర్పాట్లతో వాడవచ్చంది. కొందరికి ప్రయోజనం ఉండకపోవచ్చని, పరికరం తీసేయాల్సి రావచ్చని రోగికి ముందే చెప్పాలని జోడించింది. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2022 మార్గదర్శకాల్లో మానవతా పరికరంగా పరిశీలించవచ్చని మాత్రమే అంది. ఆ సూచన వెనుక ఆధారం బలహీనమనీ ఒప్పుకుంది.

మిగతా దారులతో పోలిస్తే

మందులు: కోత లేదు, చౌక. కానీ మెటోక్లోప్రమైడ్ ఎక్కువకాలం వాడితే ముఖ కండరాలు అదుపు తప్పే ప్రమాదం ఉందని ఎఫ్‌డీఏ 2009లో తీవ్ర హెచ్చరిక పెట్టింది. డోంపెరిడోన్‌తో గుండె లయ మీద కన్నేసి ఉంచాలి. సిసాప్రైడ్ అదే కారణంతో అమెరికాలో 2000లో, మనదేశంలో 2011లో మార్కెట్ నుంచి పోయింది.

జీ-పోయెం: ఎండోస్కోపీతో లోపలి నుంచే పైలోరస్ కండరాన్ని కోసే పద్ధతి. మనిషికి మొదట 2013లో చేశారు. 2022లో వెలువడిన చెక్ పరీక్షలో 41 మంది మీద దీన్ని ఉత్తుత్తి చికిత్సతో పోల్చితే, 6 నెలలకు జీ-పోయెం జట్టులో 71 శాతం మందికి, ఉత్తుత్తి జట్టులో 22 శాతం మందికి ఫలితం కనిపించింది. రక్తస్రావం, పుండు, చిల్లు పడటం దీని ముప్పులు. అవి మొదటి రోజుల్లోనే బయటపడతాయి. ఒంట్లో ఏదీ మిగలదు, మార్చాల్సిన బ్యాటరీ లేదు.

విద్యుత్ ప్రేరణ: వాంతుల మీద పనిచేసే అవకాశం ఉంది, కడుపు ఖాళీ వేగం మీద లేదు. తొలిరోజుల ముప్పు తక్కువ, ఏళ్ల ముప్పు ఎక్కువ. కొందరు సర్జన్లు పైలోరస్‌ను వెడల్పు చేసే ఆపరేషన్‌ను దీనితో కలిపి చేస్తున్నారు.

పేగు గొట్టం, కడుపు తొలగింపు: ఆఖరి దారులు. గొట్టం పోషణ ఇస్తుంది, వికారం తగ్గించదు. తొలగింపు వెనక్కి తిప్పలేనిది.

మన సందర్భం

ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. వారిలో కొద్ది శాతానికి జీర్ణాశయం మందగించినా సంఖ్య పెద్దదే. అయినా తెలుగు రాష్ట్రాల్లో తిన్నది అరగకపోవడం, పొట్ట బిగదీయడం ఎక్కువగా గ్యాస్ ట్రబుల్ ఖాతాలో పడి మెడికల్ షాపులో మాత్రలతోనే గడిచిపోతుంది. లెవోసల్పిరైడ్ కలిపిన మాత్రలను నెలల తరబడి మింగితే పార్కిన్సన్ జబ్బులాంటి వణుకు, బిగుసుకుపోవడం రావచ్చు. 4 గంటల స్కాన్ చేసే సౌకర్యం పెద్ద నగరాలకే పరిమితం. పాశ్చాత్య పరీక్షలోని గుడ్డు, బ్రెడ్డుకు బదులు ఇడ్లీతో ప్రమాణాలు కట్టే ప్రయత్నం దక్షిణ భారతంలో జరగడం మంచి పరిణామం.

పరికరం విషయంలో మనకు వర్తించే ప్రశ్న దాని ధర ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి అమరికలు సరిచేసే కేంద్రం దగ్గర్లో ఉండాలి, చీము పడితే వెంటనే తీసే సర్జన్ ఉండాలి, బ్యాటరీ అయిపోయాక మరో పెట్టెకు డబ్బు ఉండాలి. ఈ మూడూ లేనిచోట మొదటి ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఫలితం నిలవదు. అన్నవాహిక జబ్బుకు చేసే పోయెం ప్రక్రియలో హైదరాబాద్‌కు గట్టి అనుభవం ఉంది. ఆ నైపుణ్యం ఉన్నచోట ముందుగా జీ-పోయెం వైపు మొగ్గడం సహజం. వైద్య పరికరాల దుష్ఫలితాలను నమోదు చేయడానికి 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మనకూ ఉంది. ఇలాంటి పరికరాలు అమర్చే ప్రతి కేంద్రం అందులో నమోదు చేస్తే మన లెక్క మనకు తెలుస్తుంది.

తేలనివి

మొదటిది, మేలు ఎవరికి అన్న ప్రశ్న. ఫ్రెంచి పరీక్షలో ఆన్ దశలో కూడా మూడింట రెండు వంతుల మందికి మెరుగు కనిపించలేదు. వారిని ముందుగా గుర్తించే పరీక్ష లేదు. రెండోది, వాంతులు తగ్గినా జీవన నాణ్యత ఎందుకు మారలేదన్నది. నొప్పి, వికారం, ఉబ్బరం అలాగే మిగిలి ఉండవచ్చు, పరికరం తెచ్చిన కొత్త బాధలు పాతవాటి చోటు ఆక్రమించి ఉండవచ్చు. మూడోది, జీ-పోయెంతో నేరుగా పోల్చిన పెద్ద యాదృచ్ఛిక పరీక్ష లేకపోవడం. నాలుగోది, సన్నబడటానికి, షుగరుకు వాడే సెమాగ్లుటైడ్ వంటి మందులు స్వయంగా కడుపును మందగింపజేస్తున్న ఈ కాలంలో, మందు ఆపితే సర్దుకునే రోగులను ఆపరేషన్ దాకా రాకుండా వేరుచేయడం.

అన్నిటికంటే ముఖ్యమైనది కాలం లెక్క. ఆపరేషన్‌కు ఇంత శాతం అని కాకుండా, వంద మంది రోగులు ఏడాది పాటు పరికరంతో బతికితే ఎన్ని కోతలు అని లెక్కించే పద్ధతి రావాలి. ప్రతి బ్యాటరీ మార్పునూ, పనిచేయలేదని తీసేసిన ప్రతి పరికరాన్నీ అదే లెక్కలో కలపాలి. పక్కనే అదే వ్యవధిలో తగ్గిన వాంతులు, తప్పిన ఆసుపత్రి రోజులు పెట్టాలి. అలా చూస్తే ఇప్పుడున్న ఆధారాల మీద ఒక మధ్యస్థ తీర్పు సాధ్యమే. వాంతులే ప్రధాన బాధగా ఉండి, మందులూ పైలోరస్ చికిత్సలూ విఫలమై, షుగరు అదుపులో ఉండి, తర్వాతి ఏళ్ల సంరక్షణ ఖాయంగా అందే కొద్దిమందికి ఈ పరికరం సమంజసమైన ఎంపిక. ఆ షరతుల్లో ఒక్కటి తప్పినా లాభం పక్క తేలికై నష్టం పక్క బరువెక్కుతుంది. రోగి సంతకం పెట్టేది ఒక్క ఆపరేషన్‌కే అయినా, ఒప్పుకుంటున్నది కొన్ని దశాబ్దాలకు. సమ్మతి పత్రం చదివి వినిపించేటప్పుడు డాక్టరు మొదట చెప్పాల్సింది ఈ సంగతే.